ఆ వారం ఎరుపు లేదు

ఆదివారం పొద్దున్నే వంతెన మీద
దుప్పటి పరిచి పాత పుస్తకాలు అమ్ముతాను.
తిబిలీసీలో చలి నదిలోంచి లేచి
ముందుగా నా మోకాళ్లనే పలకరిస్తుంది.

కొనేవాళ్లకి పేర్లు గుర్తుండవు.
"నీలం అట్ట, మధ్యలో ఒక కుర్చీ,
అందులో ఎవరూ ఉండరు, మా అమ్మ చదివేది" అంటారు.
"చేప ఉంటుంది చూడు, దాని కడుపులో కిటికీ" అంటారు.
రాసినవాడి పేరు తలుచుకోబోయి తల గోక్కుంటారు.
మూడో దొంతరలోంచి తీసి ఇస్తాను.
సంతలో తప్పిపోయిన పిల్ల దొరికినట్టు
ఛాతీకి హత్తుకుంటారు,
తెరవకుండానే,
డబ్బులివ్వకుండానే.

ఆ కుర్చీ వేసిందెవరని
ముప్పై ఏళ్లలో ఒక్కరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

పోయిన నవంబరులో ఒకావిడ వచ్చింది.
సంచిలో నాలుగు పెర్సిమన్ పళ్లు.
చేతికి ఉన్ని తొడుగు, చూపుడువేలు దగ్గర మాత్రం
కత్తిరించి ఉంది.
నీలం పుస్తకం తీసింది. ముందు చూసింది, వెనక చూసింది,
వెన్ను మీద గోటితో గీసింది,
వాలు వెలుతురుకి పట్టి ఒక కన్ను మూసింది.
లోపలికి మాత్రం పోలేదు.

"అట్టలో ఏముందమ్మా, తెరిచి చూడు" అన్నాను.
మొహం చూసి బొట్టుపెట్టే రకం అనుకున్నాను.

"కుర్చీ ఎర్రగా ఉండాలి" అంది.
"ఆ వారం ప్రెస్సులో ఎరుపు అయిపోయింది.
ఉన్న డబ్బాలన్నీ కలిపి గిలక్కొట్టి
ఈ గోధుమరంగు వేసేశారు.
ఫోన్ చేసి అరిచాను.
అప్పటికే ఎనిమిది వేల ప్రతులు ఆరిపోయాయి."

నాకు నవ్వొచ్చింది.
ఆ గోధుమరంగు మీద ఒక ప్రొఫెసరు
నా దుప్పటి పక్కనే గంటసేపు మాట్లాడాడు.
అది మట్టి అట, తాతలు కలిసిపోయిన మట్టి అట,
రచయిత లోతు చూశావా అట.
ఆ మాట చెప్పాను.
ఆవిడ నవ్వలేదు. ఒక పండు తీసి నా చేతిలో పెట్టింది.

"నూట నలభయ్యో పేజీ.
చుట్టం వచ్చి వెళ్లేదాకా ఆమె నిలబడే ఉంటుంది.
ఎందుకు నిలబడిందో ఆయన రాయలేదు.
మూడుసార్లు చదివాక తెలిసింది నాకు,
ఆ ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ."

"ఆయనకి తెలుసా?"

"ఒకసారి మెట్ల మీద ఎదురయ్యాడు.
బొమ్మ బావుంది గానీ, మా ఇంట్లో
అలాంటి కుర్చీ లేదే, అన్నాడు."

వెల అడిగింది. పన్నెండు లారీలన్నాను.
తొడుగులో చిల్లర ఒకసారి తడుముకుని
పుస్తకాన్ని దాని చోట్లోనే పెట్టింది,
అంచులు కలిసేలా, రెండుసార్లు సర్ది.

ఆవిడ వంతెన దిగాక గాని చూసుకోలేదు,
ఇంతసేపూ నేను స్టూలు మీద కూర్చునే ఉన్నాను.

పండు తినలేదు. చివరి పేజీ తెరిచాను.
కాగితం రకం, ప్రతుల సంఖ్య, అప్పటి ధర కోపెక్కుల్లో,
ప్రూఫులు దిద్దిన మనిషి, అచ్చువేసిన వీధి,
చీమలబారులాంటి వరసలు.
అట్ట అన్న మాట దగ్గర
నేను అంటించిన ధర కాగితం.
ప్రతి పుస్తకానికీ అక్కడే అంటిస్తాను.
ఖాళీ జాగా అనుకునేవాణ్ణి.

గోటితో మెల్లగా లేపాను.
జిగురు పట్టుకుని సగం అక్షరాలు ఊడొచ్చాయి.
మిగిలింది: మా. తోద్—
గుండ్రంగా ఒక అక్షరం, దాని పక్కన తోక తెగిన ఇంకొకటి.

చేప పుస్తకం తీశాను. అక్కడా నా కాగితమే.
ఈసారి వేడినీళ్ల గ్లాసు ఆవిరి పట్టాను.

ఇప్పుడు ధర పెన్సిల్‌తో రాస్తున్నాను, ఇంకో మూల.
నీలం పుస్తకం పక్కకి తీసి ఉంచాను, అమ్మను.
రెండో స్టూలు ఒకటి మోసుకొస్తున్నాను.
దాని మీద పుస్తకాలు పెట్టొద్దని
పక్క దుకాణం కుర్రాడికి చెప్పాను.
ఎవరొస్తారన్నాడు.
పేరు సగమే చెప్పగలిగాను.